తుఫాను పెట్టె డైరీ: ప్లగ్ పెట్టగానే వచ్చే ఆ "టప్"

జూన్ 22, ఆదివారం

తుఫాను రోజుల కోసం చేస్తున్న బ్యాటరీ పెట్టెలో రెండో బోర్డు కూడా పోయింది ఇవాళ. మొదటిది పోయినప్పుడు నా సోల్డరింగ్‌లో తేడా ఉందేమో అనుకుని ఊరుకున్నా, ఇది కూడా అచ్చం అలాగే పోయింది. బ్యాటరీ ప్లగ్ లోపలికి తొయ్యగానే టప్ మని చిన్న మెరుపు, ఎల్‌ఈడీ వెలగలేదు, ఐసీ మీద నుంచి సన్నగా పొగ, తర్వాత 5 యాంపియర్ ఫ్యూజ్ ఎగిరింది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం, ఈ పెట్టె ఎందుకో చెప్తాను. నేను ఉండేది శ్రీకాకుళం టౌన్‌లో, అమ్మ ఉండేది కవిటి వైపు, ఉద్దానంలో. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా తోటలో కొబ్బరి చెట్లు వరసగా పడుకున్నాయి, కరెంటు రోజుల తరబడి లేదు, అమ్మ ఫోన్ స్విచ్ఛాఫ్. నేను ఇక్కడ ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నిలబడి అటు వెళ్ళే బండి ఏదన్నా దొరుకుతుందా అని వెతుక్కున్న రోజు నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది. ప్రతి అక్టోబర్‌కీ ఆ భయం మళ్ళీ లేస్తుంది. అందుకే ఈసారి వానలు ముదిరేలోపు ఒక బ్యాటరీ పెట్టె చేసి అక్కడ పెట్టాలని పట్టుబట్టాను.

లోపల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ 8 సీరీస్‌లో ఉన్నాయి, మామూలుగా 25.6 వోల్ట్‌లు, ఫుల్ చార్జ్‌లో 29.2 దాకా వెళ్తుంది. దాన్ని ఎల్‌ఎం2596 అనే వోల్టేజ్ దించే ఐసీతో 12 వోల్ట్‌లకి దించి వైఫై రౌటర్, రెండు లైట్లు, ఫోన్ చార్జింగ్ నడపాలి. బ్యాటరీ మంచం కింద, బోర్డు గోడ మీద రౌటర్ పక్కన, మధ్యలో 2 మీటర్ల వైరు, ఎక్స్‌టీ60 కనెక్టర్. కరెంటు పోతే అమ్మ ఆ కనెక్టర్ పెడుతుంది, అంతే, అమ్మకి ఇంకో పని ఉండకూడదు.

బాధ ఏంటంటే ఇదే బోర్డు బెంచ్ సప్లై (టేబుల్ మీద పెట్టుకునే, వోల్టేజ్ తిప్పుకునే పవర్ సప్లై) మీద 30 వోల్ట్‌లు పెట్టి రెండు రోజులు ఆపకుండా నడిపాను, వేడి కూడా పెద్దగా ఎక్కలేదు. బ్యాటరీకి పెట్టిన మొదటి క్షణంలోనే పోయింది.

జూన్ 23, సోమవారం రాత్రి

బోర్డుకి పోస్టుమార్టం. మల్టీమీటర్ పెడితే ఇన్‌పుట్ ప్లస్‌కి గ్రౌండ్‌కి మధ్య దాదాపు షార్ట్. నా అనుమానం మొత్తం సెరామిక్ కెపాసిటర్ల మీదే, ఎందుకంటే అవి పోతే ఎక్కువగా షార్ట్‌గానే పోతాయని అందరికీ తెలిసిందే. హాట్ ఎయిర్‌తో నాలుగూ ఒక్కోటి తీసి తెల్ల కాగితం మీద వరసగా పెట్టాను, 10 మైక్రోఫారడ్, 50 వోల్ట్, ఎక్స్7ఆర్, భూతద్దం కింద చూస్తే ఒక్కదానికి కూడా పగులు లేదు, మీటర్ మీద నాలుగూ తొమ్మిదిన్నర నుంచి పది మధ్యలో చూపించాయి. కెపాసిటర్లు నాలుగూ తీసేసాక కూడా బోర్డు మీద షార్ట్ అలాగే ఉంది. ఐసీ ఒకటో కాలికి మూడో కాలికి మధ్య 2 ఓమ్‌లు. అంటే కెపాసిటర్లు బతికే ఉన్నాయి, చచ్చింది వాటి పక్కనున్న ఐసీ.

మావయ్యకి ఫోన్ చేసా. ఆయన నరసన్నపేటలో మోటార్ వైండింగ్ చేస్తారు, ఎలక్ట్రానిక్స్ తన పని కాదంటారు గానీ తప్పు ఎక్కడ వెతకాలో ఆయనకి తెలిసినంత నాకు తెలీదు. మొత్తం విని ఒకే మాట అన్నారు: "ఏట్రా అల్లుడూ, సంతలో బొమ్మలాగ ఆ నీలం బోర్డు ఒకటి కొన్నావు గదా, అదీ ఇదే ఐసీ అన్నావు, దానికి ఏటీ అవనేదు గదా? నీ దానికే ఎందుకయిందో ముందు అది సూడు."

నిజమే. ఆన్‌లైన్‌లో దొరికే ఆ నీలం ఎల్‌ఎం2596 మాడ్యూల్‌ని ఇదే బ్యాటరీకి ఇదే వైరుతో కనీసం యాభై సార్లు పెట్టి ఉంటాను, ఒక్కసారి కూడా పోలేదు.

జూన్ 25, బుధవారం

రెండు బోర్డులూ పక్కపక్కన పెట్టి గంటసేపు చూసాను. నీలం దానికి ఇన్‌పుట్‌లో 100 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ డబ్బా ఒకటి ఉంది. నాదాంట్లో అది లేదు, నేనే తీసేసా. ఎలక్ట్రోలైటిక్ వేడికి ఏళ్ళ తరబడి ఎండిపోతుంది, అమ్మ ఇంట్లో పెట్టేది పదేళ్ళు ఉండాలి, సెరామిక్ అయితే ఎండటం అనేదే లేదు, ఈఎస్‌ఆర్ (కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్) కూడా మిల్లీ ఓమ్‌లలోనే కదా అని నాలుగు సెరామిక్‌లు పెట్టేసా. డేటాషీట్ మళ్ళీ తీస్తే ఇన్‌పుట్‌లో అల్యూమినియం ఎలక్ట్రోలైటిక్ గానీ టాంటలం గానీ పెట్టమని స్పష్టంగానే రాసి ఉంది, ఆ పేరా నేను దాటేసా.

ఈఎస్‌ఆర్ తక్కువ ఉండటం మంచిదే కదా, మరి ఇక్కడ అదే చంపింది ఎలాగ అని కూర్చుని లెక్క వేస్తే మొత్తం అర్థమైంది.

2 మీటర్ల జంట వైరు అంటే అది కూడా ఒక చిన్న కాయిల్, సుమారు 2 మైక్రోహెన్రీలు వేసుకోవచ్చు. అటు చివర ఖాళీ సెరామిక్ కెపాసిటర్. ప్లగ్ తగిలిన క్షణంలో ఖాళీ కెపాసిటర్ షార్ట్‌తో సమానం కాబట్టి కరెంటు ఎగదన్నుతుంది, కెపాసిటర్ 26 వోల్ట్‌లకి నిండే టైముకి వైరులో కరెంటు పీక్‌లో ఉంటుంది, వైరులో పారే కరెంటు టక్కున ఆగలేదు కాబట్టి ఇంకా తోస్తూనే ఉంటుంది, కెపాసిటర్ వోల్టేజ్ 26 దాటి పైకి పోతుంది. ఉయ్యాలని ఒక పక్కకి లాగి వదిలితే మధ్యలో ఆగుతుందా, అటు పక్క కూడా అంతే ఎత్తుకి పోతుంది. ఇదీ అంతే, ఎక్కడా రాపిడి లేకపోతే 26 కాస్తా 52 దాకా పోతుంది. ఆ రాపిడే రెసిస్టెన్స్. ఎలక్ట్రోలైటిక్‌లో ఉండే ఆ కాస్త ఈఎస్‌ఆర్ ఉయ్యాలని పట్టుకుని ఆపే చెయ్యి లాంటిది, నేను దాన్నే తీసేసా. ఎల్‌ఎం2596 గరిష్ఠంగా తట్టుకునేది 45 వోల్ట్‌లు.

ఇంకో సంగతి కూడా ఉంది, ఇది నాకు ఇంతకుముందు తట్టలేదు. ఎక్స్7ఆర్ లాంటి సెరామిక్‌కి డీసీ వోల్టేజ్ పెరిగేకొద్దీ కెపాసిటెన్స్ తగ్గిపోతుంది. పేరుకి నాలుగూ కలిపి 40 మైక్రోఫారడ్, తయారీదారు గ్రాఫ్ ప్రకారం నా వాటికి 26 వోల్ట్‌ల దగ్గర దాదాపు 20 మిగులుతుంది. పైకి పోయేకొద్దీ ఇంకా తగ్గుతుంది కాబట్టి అదే చార్జ్‌కి వోల్టేజ్ ఇంకా ఎక్కువ ఎక్కుతుంది, రాపిడి లేని లెక్కలో అయితే రెట్టింపు కూడా దాటుతుంది. "50 వోల్ట్ కెపాసిటర్ పెట్టాను కదా, 26కి చాలా మార్జిన్ ఉంది" అనుకున్నా నేను, ఇంకాస్త ఎక్కితే ఆ కెపాసిటర్లకి కూడా గండమే.

ఇది కొత్త విషయం కూడా కాదు, లీనియర్ టెక్నాలజీ వాళ్ళు 2001లోనే దీని మీద అప్లికేషన్ నోట్ 88 ఇచ్చారు, అందులో ల్యాప్‌టాప్‌కి అడాప్టర్ గుచ్చినప్పుడు వచ్చేది ఇదే గొడవ.

లెక్కలో కరెంటు: రూట్ ఆఫ్ ఎల్ బై సీ (ఎల్ వైరు 2 మైక్రోహెన్రీలు, సీ ఆ మిగిలిన 20 మైక్రోఫారడ్) వేస్తే 0.32 ఓమ్‌లు వచ్చింది, 26.6ని దాంతో భాగిస్తే 80 యాంపియర్ల పైమాటే. బ్యాటరీ, వైరు రెసిస్టెన్స్ వల్ల కొంత తగ్గుతుంది, అయినా ఎక్స్‌టీ60 పిన్ కొసన బంగారు పూత మీద నల్లటి చుక్క ఎందుకు పడిందో ఇప్పుడు తెలిసింది.

జూన్ 29, ఆదివారం

కాలేజీ ల్యాబ్‌లో పనిచేసే తమ్ముడు వరసవాడు స్కోప్ (వోల్టేజ్‌ని గీతగా చూపించే ఆసిలోస్కోప్) ఒక్క రోజుకి ఇచ్చాడు. ప్రోబ్ పొడుగు గ్రౌండ్ తోక తీసేసి చిన్న స్ప్రింగ్ పెట్టి కెపాసిటర్ కాళ్ళ మీదే పట్టాను, లేకపోతే ఆ తోక కూడా లేని ఊగుడు (రింగింగ్) చూపించి మోసం చేస్తుంది. ఐసీ లేని బోర్డు, నాలుగు సెరామిక్‌లు మాత్రమే, సింగిల్ షాట్ ట్రిగ్గర్, ప్లగ్ పెట్టా.

48 వోల్ట్‌లు.

బ్యాటరీ 26.6 ఉంది, స్క్రీన్ మీద గీత సున్నా నుంచి లేచి ఇరవై మైక్రోసెకన్లలో 48కి పోయి, కిందకి పడి, మళ్ళీ లేచి, అలా ఊగుతూ ఊగుతూ 26 దగ్గర సర్దుకుంది. పదిసార్లు పెడితే రెండు మూడు సార్లు మొదటి కొండకి ముందే చిన్న చిన్న పళ్ళు కనిపించాయి, కనెక్టర్ తగిలి విడిచి మళ్ళీ తగులుతోందన్నమాట. ఒక్కోసారి 44తో బయటపడుతుంది, అందుకే మొదటి బోర్డు మూడో ప్లగ్ దాకా బతికింది.

అదే బోర్డుని బెంచ్ సప్లైకి పెట్టి అవుట్‌పుట్ బటన్ నొక్కితే గీత కొన్ని మిల్లీసెకన్లలో నున్నగా ఎక్కి 26 దగ్గర ఆగింది. రెండు రోజుల టెస్టు ఎందుకు పాసయిందో ఆ ఒక్క గీతలో ఉంది. ఇకనుంచి నేను ఏ బోర్డునైనా అది బతకబోయే బ్యాటరీతో, అది వాడబోయే వైరుతో, చేత్తో గుచ్చే చూస్తాను.

జులై 1 నుంచి 5

స్కోప్ ఇంకొన్ని రోజులు ఉంచుకోమన్నాడు, వాడి ఋణం తీర్చుకోలేను. సాయంత్రాలు ఒక్కో మందు వేసి చూసా.

220 మైక్రోఫారడ్ 63 వోల్ట్ ఎలక్ట్రోలైటిక్, సెరామిక్‌లకి ప్యారలల్‌గా: 48 కాస్తా 32కి దిగింది. ఒక్క పార్టుతో! దీనికి లెక్క ఏంటంటే డ్యాంపింగ్ కెపాసిటర్ సెరామిక్‌కి కనీసం నాలుగైదు రెట్లు ఉండాలి, దాని ఈఎస్‌ఆర్ ఆ 0.32 ఓమ్‌ల చుట్టుపక్కల ఉండాలి. మరీ తక్కువ ఈఎస్‌ఆర్ ఉన్న ఖరీదైన పాలిమర్ కెపాసిటర్ పెడితే ఆ రాపిడి దొరకదు, అప్పుడు విడిగా చిన్న రెసిస్టర్ సీరీస్‌లో పెట్టుకోవాలి. వోల్టేజ్ సమస్య ఇక్కడితో తీరింది గానీ నింపాల్సిన కెపాసిటెన్స్ ఇంకా పెరిగింది కాబట్టి టప్ అలాగే ఉంది, మెరుపూ అలాగే ఉంది.

టీవీఎస్ డయోడ్ (వోల్టేజ్ ఎగిరితే దాన్ని మింగి అణిచే డయోడ్) ఒక్కటే పెట్టి చూద్దాం అనుకున్నా. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఎస్‌ఎంబీజే33ఏ అంటే 33 దగ్గర ఆపేస్తుంది అనుకుంటాం, ఆ 33 అనేది అది కదలకుండా ఊరికే కూర్చునే వోల్టేజ్, 11.3 యాంపియర్ల దగ్గర దాని క్లాంపింగ్ 53.3 వోల్ట్‌లు. నా ఐసీ 45కే పోతుంది. ఎస్‌ఎంబీజే30ఏ పెట్టాను, దానికి కూడా డేటాషీట్‌లో 48.4 ఉంది, నా బోర్డు మీద 43 దగ్గర ఆపింది. రెండు వోల్ట్‌ల మార్జిన్‌తో అమ్మ ఇంట్లో పెట్టడానికి మనసు ఒప్పలేదు. రెండో కాపలాగా ఉంచుతాను, దాని మీదే ఆధారపడను.

ఎన్‌టీసీ థర్మిస్టర్, 5డీ-11, ఎస్‌ఎంపీఎస్ పవర్ సప్లైలలో ఉండే నల్ల బిళ్ళ. చల్లగా ఉన్నప్పుడు 5 ఓమ్‌లు, టప్ దాదాపు మాయం. కానీ నడుస్తూ వేడెక్కాక దాని రెసిస్టెన్స్ పడిపోతుంది, ఆ వేడి మీద ఒకసారి తీసి వెంటనే పెడితే మళ్ళీ మొదటికే వచ్చింది. కనెక్టర్ సరిగ్గా కూర్చోలేదని అమ్మ తీసి మళ్ళీ పెట్టదా? తప్పకుండా పెడుతుంది. పక్కన పెట్టేసా.

డ్రోన్లు, ఈ-బైకుల వాళ్ళు వాడే ఎక్స్‌టీ90-ఎస్ కనెక్టర్ కూడా మంచి దారే, దాని లోపల 5.6 ఓమ్‌ల రెసిస్టర్ ముందు తగిలి తర్వాత అసలు పిన్ తగులుతుంది. తొందరగా పని అవ్వాలనుకునేవాళ్ళు అది తీసుకోండి. నేను మాత్రం ఎవరు ఎంత వేగంగా గుచ్చినా బోర్డే చూసుకోవాలని మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్, ఫెట్ అన్నా అదే) వైపు వెళ్ళా.

జులై 6, ఆదివారం

పీ-చానెల్ మాస్‌ఫెట్, ఐఆర్‌ఎఫ్4905, 55 వోల్ట్, 0.02 ఓమ్. సోర్స్ కాలు బ్యాటరీ వైపు, డ్రెయిన్ కాలు కెపాసిటర్ల వైపు, గేట్ దాన్ని ఆన్ ఆఫ్ చేసే కాలు. గేట్ నుంచి సోర్స్‌కి 100కె (కిలో ఓమ్) రెసిస్టర్, గేట్ నుంచి గ్రౌండ్‌కి 100కె, గేట్ డ్రెయిన్ మధ్య 47 నానోఫారడ్. ఆ 47 నానోనే ఇక్కడ అసలు పనివాడు: డ్రెయిన్ వోల్టేజ్ పైకి ఎక్కబోతే గేట్‌ని వెనక్కి లాగుతుంది కాబట్టి అవుట్‌పుట్ గీత గీసినట్టు ఒకే వాలులో ఎక్కుతుంది. లెక్క ప్రకారం మిల్లీసెకన్‌కి 4.4 వోల్ట్‌లు, మొత్తం 6 మిల్లీసెకన్లు, కరెంటు ఒక యాంపియర్ కొంచెం పైన. 80 నుంచి ఒకటికి!

సిమ్యులేషన్‌లో అద్దంలా వచ్చింది. బోర్డు మీద పెట్టి ప్లగ్ గుచ్చితే టప్.

రాత్రి పన్నెండు దాకా తల పట్టుకుని కూర్చున్నా. తర్వాత స్కోప్ రెండో చానెల్ గేట్ మీద పెట్టి చూసా. ప్లగ్ తగిలిన క్షణంలో సోర్స్ ఒక్కసారిగా 26కి లేస్తోంది, కానీ గేట్‌ని ఆ 47 నానో పట్టుకుని ఉంది, దాని రెండో కాలు ఖాళీ కెపాసిటర్ల మీద అంటే సున్నా మీద ఉంది. అంటే గేట్ సున్నాలో, సోర్స్ 26లో, మాస్‌ఫెట్ పూర్తిగా ఆన్. పైగా గేట్ సోర్స్ మధ్య 20 వోల్ట్‌లకి మించకూడదు, ఫెట్ ఎలా బతికిందో తెలీదు. సిమ్యులేషన్‌లో ఎందుకు కనపడలేదంటే అక్కడ బ్యాటరీని నేను 10 మిల్లీసెకన్లలో మెల్లగా లేపాను, బెంచ్ సప్లై చేసిన పనే నేను చేతులారా మళ్ళీ చేసా.

మందు చిన్నదే: గేట్ సోర్స్ మధ్య 1 మైక్రోఫారడ్. అప్పుడు 26.6 వోల్ట్‌ల దెబ్బ రెండు కెపాసిటర్ల మధ్య పంచుకుంటుంది, గేట్ సోర్స్ మధ్య పడేది 1.2 వోల్ట్‌లే, ఫెట్ కదలాలంటే కనీసం 2 కావాలి. దాంతోపాటు గేట్ సోర్స్ మధ్య వోల్టేజ్ హద్దు దాటకుండా 15 వోల్ట్ జీనర్ డయోడ్. ఇప్పుడు ప్లగ్ తగిలాక పదమూడు మిల్లీసెకన్ల పాటు ఏమీ జరగదు, ఈలోపు కనెక్టర్ తగిలి విడిచే గొడవ కూడా సర్దుకుంటుంది, ఆ తర్వాత నున్నటి వాలు మొదలవుతుంది.

పెట్టాను. శబ్దం లేదు. మళ్ళీ తీసి పెట్టాను, లేదు. దీపం ఆపేసి చీకట్లో పెట్టి చూసా, మెరుపు లేదు. పక్క గదిలోకి వెళ్ళి మా ఆవిడని లేపి చూపించాను, ఆమె కళ్ళు నులుముకుంటూ చూసి "ఏమీ రాలేదు కదా" అంది. అదే కావాలి నాకు.

జులై 9

చిన్న సవరణ. వాలు ఎక్కుతున్న ఆ 6 మిల్లీసెకన్లలో ఎల్‌ఎం2596 మేలుకుంటే లోడ్ కరెంటు కూడా ఫెట్ మీదే పడుతుంది. అసలే కెపాసిటర్లలో ఎంత ఎనర్జీ నిండుతుందో సుమారు అంతే ఫెట్‌లో వేడిగా పోతుంది, నా దాంట్లో అది 0.09 జౌల్, ఆ సైజు ఫెట్‌కి లెక్క కాదు, దాని మీద లోడ్ కూడా ఎందుకు వెయ్యాలి. డేటాషీట్‌లోనే ఉన్న డిలే సర్క్యూట్ పెట్టా, ఇన్‌పుట్ నుంచి ఆన్-ఆఫ్ పిన్‌కి 0.1 మైక్రోఫారడ్, అక్కడనుంచి గ్రౌండ్‌కి 47కె. ఆ పిన్ 25 వోల్ట్‌లు దాటకూడదు, నా వాలుకి అది 15 దగ్గరే ఆగింది. కెపాసిటర్లు నిండాక ఇంకో పది పన్నెండు మిల్లీసెకన్లకి ఐసీ లేస్తోంది.

ఒక లొసుగు మిగిలింది, దాచిపెట్టను. లోడ్ నడుస్తుండగా కనెక్టర్ క్షణంపాటు వదులై మళ్ళీ తగిలితే కెపాసిటర్లు ఖాళీ అయిపోతాయి గానీ గేట్ మీద చార్జ్ ఇంకా ఉంటుంది, అంటే ఫెట్ ఆన్‌లోనే ఉంటుంది, ఆ ఒక్కసారి పాత ఇన్‌రష్, అంటే ఆ మొదటి క్షణం కరెంటు ఎగదన్నుడు, వస్తుంది. కావాలని వైరు ఊపి చూసా, వచ్చింది, పీక్ 32. ఎలక్ట్రోలైటిక్, టీవీఎస్ రెండూ బోర్డు మీద ఎందుకు ఉంచానో ఇదే కారణం. పదేళ్ళలో ఆ డబ్బా ఎండితే మార్చేలా దాన్ని అంచున, చల్లగా ఉండే పక్కన పెట్టాను.

జులై 13, ఆదివారం

కొత్త పీసీబీ వచ్చింది. పాతదాంట్లో సెరామిక్‌లు స్క్రూ టెర్మినల్ పక్కనే, బోర్డు అంచుకి అడ్డంగా ఉండేవి. స్క్రూ బిగిస్తుంటే బోర్డు కొంచెం వంగేది, సెరామిక్ వంగదు, పగులుతుంది, పైకి కనపడకుండా అడుగున ఏటవాలుగా. ఆ పగులులోకి సముద్రపు గాలి తేమ చేరితే కొన్ని నెలలకి షార్ట్. ఇన్‌రష్ నుంచి కాపాడి ఇలా చంపుకోవటం ఎందుకని ఈసారి వాటిని అంచుకి సమాంతరంగా తిప్పి స్క్రూలకి దూరంగా జరిపాను, మెత్తటి టెర్మినేషన్ (బోర్డు వంగితే తట్టుకునే మెత్తటి కొసలు) ఉన్నవి తెప్పించాను, కాస్త ధర ఎక్కువ. ఇన్‌పుట్‌లో ఒక్కోటి కాకుండా రెండేసి సీరీస్‌లో పెట్టే పద్ధతి కూడా ఉంది, ఒకటి షార్ట్ అయినా రెండోది నిలబడుతుందని కార్లలో అలా చేస్తారు, నా బోర్డులో చోటు చాల్లేదు, ఫ్యూజ్ ఉంది కదా అని వదిలేసా.

సోల్డరింగ్ కూడా ఈసారి ఐరన్ కొన కెపాసిటర్ ఒంటికి తగలకుండా, బోర్డుని ముందు హాట్ ఎయిర్‌తో గోరువెచ్చగా చేసుకుని ఓపిగ్గా చేసా. నాలుగు కెపాసిటర్లకి నలభై నిమిషాలు పట్టింది.

జులై 20, ఆదివారం

పొద్దున్నే బస్సెక్కి కవిటి వెళ్ళా, పెట్టె ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నా టెక్కలి దాకా, తర్వాత పక్క సీటు ఖాళీ అయింది. మధ్యాహ్నానికి గోడకి బోర్డు బిగించి, బ్యాటరీ మంచం కింద తోసి, మెయిన్ ఆపేసా.

"అమ్మా, ఈ పసుపు ముక్కని ఆ పసుపు ముక్కలోకి గట్టిగా తొయ్యి, అంతే."

"షాక్ కొడతదేట్రా?"

"కొట్టదమ్మా, తొయ్యి."

భయంభయంగా సగమే తోసింది, ఆగింది, మళ్ళీ తీసింది, మళ్ళీ తోసింది. నేను టేబుల్ మీద చెయ్యలేని టెస్ట్ అదే. ఏ శబ్దం రాలేదు, అమ్మ తల ఎత్తి చూసేలోపు లైటు వెలిగింది, అరనిమిషానికి రౌటర్ పచ్చ లైట్లు వచ్చాయి. ఇంకో నాలుగుసార్లు తీసి పెట్టించాను. పిన్ కొస భూతద్దంతో చూసా, బంగారు రంగు అలాగే ఉంది, చుక్క లేదు.

సాయంత్రం దాకా లోడ్ మీద ఉంచా, ఫెట్ చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా కూడా లేదు. మావయ్య వీడియో కాల్‌లో చూసి వైరుకి క్లాంపు కొట్టమన్నారు, కనెక్టర్ బరువు వేలాడకూడదట, ఆ ఊగే లొసుగుకి అంతకన్నా మంచి మందు నాకు తట్టలేదు. రెండు క్లాంపులు కొట్టాను. రెండో బోర్డు స్పేర్‌గా తయారు చెయ్యాలి, కెపాసిటర్లు పది మిగిలాయి, ఐసీలు రెండున్నాయి, ఫెట్ ఒకటి తెప్పించాలి.